ఫోను వినే అధికారానికి అడ్డుకట్ట ఎక్కడ ఉంది?

పెన్నాతీరం, నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అందులోని 20వ సెక్షన్ కింద పౌరుల సందేశాలను మధ్యలో పట్టుకుని వినడానికి, చదవడానికి వీలిచ్చే నియమాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. కళాశాలలో రాజనీతిశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని కనుక వాటిని తీరిగ్గా చదివాను. చదివాక మిగిలిన సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను.

ఫోను వినాలని కోరేది పోలీసు శాఖ లేదా కేంద్ర దర్యాప్తు సంస్థ. అనుమతించేది కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో ఇక్కడి హోం శాఖ కార్యదర్శి. ఆ ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగించుకుంటూ 180 రోజుల దాకా తీసుకుపోవచ్చు. ఉత్తర్వు సక్రమంగా ఉందో లేదో చూసే సమీక్షా కమిటీలో కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ, టెలికాం కార్యదర్శులు ఉంటారు. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, హోం శాఖకు చెందని మరో కార్యదర్శి ఉంటారు. వీరందరూ ఒకే ప్రభుత్వంలో పనిచేసే అధికారులు. ఈ వరుసలో న్యాయమూర్తి అనే వ్యక్తి ఒక్కచోట కూడా కనిపించడు. ఎవరి ఫోను విన్నారో ఆ మనిషికి దర్యాప్తు ముగిశాకైనా ఆ సంగతి తెలియజేయాలన్న నిబంధన కూడా లేదు. తనకు జరిగిందని తెలియని అన్యాయం మీద ఏ మనిషి ఏ కోర్టుకు వెళ్ళగలడు? న్యాయవాదులు, పోలీసు శాఖలో పనిచేసినవారు, సాంకేతిక రంగంలో ఉన్నవారు మన సభ్యులలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

కావలి విశ్రాంతుడు, కావలి

మాస్టారూ, నేను పోలీసు ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ని. మీ ప్రశ్న సబబైనదే గాని, అవతలి వైపు కూడా చూడమని కోరుతున్నాను. ఇప్పుడు నేరం ఫోనులోనే పుట్టి ఫోనులోనే ముగుస్తోంది. పోలీసు దుస్తులు వేసుకుని వీడియో కాల్‌లో కనిపించి, "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటి బయటికి రావద్దు" అని బెదిరించి, జీవితమంతా కూడబెట్టుకున్న పింఛను డబ్బు ఊడ్చుకుపోయే ముఠాలు ఉన్నాయి. ఆ ముఠా ఒక రాష్ట్రంలో ఉంటుంది, సిమ్ ఇంకో రాష్ట్రంలో కొన్నది, బ్యాంకు ఖాతా మరొకరి పేరు మీద ఉంటుంది. పిల్లను ఎవరో ఎత్తుకుపోయారని తల్లి స్టేషను మెట్ల మీద కూర్చున్నప్పుడు, న్యాయమూర్తి గారి సంతకం కోసం తెల్లవారేదాకా ఆగమని ఆమెకు చెప్పగలమా? అధికారం దుర్వినియోగం కావచ్చు నిజమే, అయితే అసలు అధికారమే లేకపోతే నష్టపోయేది మొదట సామాన్యుడే.

ఒంగోలు న్యాయవాది, ఒంగోలు

పెద్దవారి మాటల్లో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీయడం అవసరం. మోసం జరిగాక బాధితుడు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేస్తే డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేస్తారు. దానికి ఎవరి ఫోనూ వినవలసిన పని లేదు. కేసు నమోదయ్యాక, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారాలను, పరికరాలను తెప్పించుకోవచ్చు. అక్కడ కేసు నంబరు ఉంటుంది, ఫైలు ఉంటుంది, చివరికి కోర్టులో నిలబడి సమాధానం చెప్పవలసిన అధికారి ఉంటాడు. మాస్టారు అడిగింది వేరు. కేసు లేకుండానే, ఎప్పటికీ బయటికి రాకుండా ఉండగల రహస్య ఉత్తర్వు గురించి ఆయన అడుగుతున్నారు.

దీని చరిత్ర కొంత చెప్పుకోవాలి. టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ ప్రకారం ప్రజా అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడు గాని, ప్రజాభద్రత కోసం గాని మాత్రమే ఫోను వినే వీలుండేది. 1996 డిసెంబరులో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఫోను సంభాషణ గోప్యత హక్కులో భాగమని చెప్పి, హోం కార్యదర్శి ఉత్తర్వు, కాలపరిమితి, సమీక్షా కమిటీ అనే కట్టుబాట్లు పెట్టింది. ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న వాదనను మాత్రం, చట్టంలో అటువంటి ఏర్పాటు లేనప్పుడు తాము దాన్ని విధించలేమని పక్కన పెట్టింది. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చింది. చొరబాటుకు చట్టం ఆధారం ఉండాలని, న్యాయమైన ప్రయోజనం ఉండాలని, ఆ ప్రయోజనానికి మించి చొరబడకూడదని చెప్పింది. ఆ తీర్పు వచ్చాక రాసిన కొత్త చట్టంలోనైనా ఆ ఖాళీ పూడుతుందని న్యాయవాదులమంతా ఆశపడ్డాం. పూడలేదు.

ఇంటర్నెట్ విషయంలో పరిస్థితి మరింత సడలింది. 2000 నాటి ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో ఇప్పటి రూపం పొందిన 69వ సెక్షన్‌లో "ప్రజా అత్యవసర పరిస్థితి", "ప్రజాభద్రత" అనే ముందస్తు షరతులు అసలు లేవు. ఏదైనా నేరం దర్యాప్తు కోసమైనా సమాచారాన్ని పట్టుకోవచ్చు, గుప్తలిపిని విప్పి ఇమ్మని ఆదేశించవచ్చు. సహకరించని వ్యక్తికి 7 ఏళ్ళ దాకా జైలు శిక్ష ఉంది. ఈ సెక్షన్ కింద 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ ఐబీ, సీబీఐ, ఈడీ, ఎన్‌ఐఏ వంటి 10 సంస్థలకు అధికారం కట్టబెట్టింది.

కట్టుబాట్లను కోర్టులు గట్టిగా పట్టించుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు, 2025 జులైలో మద్రాసు హైకోర్టు, లంచం కేసుల్లో ఇచ్చిన ట్యాపింగ్ ఉత్తర్వులను ప్రజాభద్రతతో సంబంధం లేదంటూ కొట్టివేశాయి. మద్రాసు కేసులో విన్నదాన్ని సమీక్షా కమిటీ ముందు పెట్టనే లేదని కూడా కోర్టు గుర్తించింది. అయితే ఈ రెండు కేసుల్లోనూ నిందితులకు తమ ఫోను విన్న సంగతి తెలిసింది, ఎందుకంటే ప్రభుత్వమే ఆ సంభాషణలను సాక్ష్యంగా వాడుకోబోయింది. కేసు పెట్టకుండా కేవలం విని ఊరుకున్నవారి సంగతి ఏ కోర్టుకూ రాదు.

ఇందుకూరుపేట రైతు, ఇందుకూరుపేట

నమస్తే. నేను రొయ్యల చెరువులు చేసుకునేవాణ్ని. చదువుకున్నవారి చర్చలో నా మాట చిన్నదిగా ఉంటుందేమో గాని అడుగుతాను. నా ఫోనులో మేత ధర, కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కన పలికే కౌంటు ధర, కరెంటు పోతే చెరువులో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయన్న గోల తప్ప ఏమీ లేదు. నా మాటలు ఎవరు విన్నా నాకు పోయేదేమిటి? పైగా 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు వస్తున్నాయి. ధ్రువపత్రాలకు, బిల్లులకు కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. ఇవన్నీ వద్దంటున్నారా మీరు?

కలిగిరి టీచరమ్మ, కలిగిరి

రైతన్నకు నా సమాధానం. మీ ఒక్కరి మాటలు విన్నందువల్ల మీకు పోయేది ఏమీ లేకపోవచ్చు. నలుగురు కలిసి ఒక బలమైన వ్యాపారాన్ని, ఒక బలమైన శాఖను ఎదిరించవలసి వచ్చినప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. మా వైపు దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు తమ కాపురాలు ఎందుకు కూలిపోతున్నాయో తమలో తాము మాట్లాడుకుని, సారా వేలం పాటలు జరగనివ్వమని నిర్ణయించుకున్నారు. రోసమ్మ గారి వంటివాళ్ళు ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

సారా వేలం అప్పట్లో ప్రభుత్వానికి పెద్ద రాబడి. అంటే ఆ ఆడవాళ్ళు ఎదిరించింది కాంట్రాక్టర్లను మాత్రమే కాదు, ప్రభుత్వ ఖజానాను కూడా. అదే ఉద్యమం ఈ రోజు మొదలైతే వాట్సాప్ గ్రూపులోనే మొదలవుతుంది. గ్రూపులో ఎవరెవరున్నారు, రాత్రి ఎవరు ఎవరికి ఫోను చేశారు, ఏ ఊరి ఆడమనిషి ఏ ఊరికి వెళ్ళింది అన్నదంతా ఉద్యమం ఊరు దాటకముందే ఒక చోట పేర్చి చూడవచ్చు. పేర్లు తెలిస్తే ఒకరి భర్తకు ఉద్యోగం అడ్డుపెట్టి, ఇంకొకరికి పింఛను అడ్డుపెట్టి నోరు నొక్కడం ఎంతసేపు? ఇటువంటి మాటలు మొదట చాటుగానే మొదలవుతాయి, ఆ చాటు లేకపోతే మొదలే కావు. గోప్యత అంటే తప్పు చేసేవారి అవసరం అనుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. బలహీనులకే అది ఎక్కువ అవసరం.

పొదిలి నెట్‌వర్క్, పొదిలి

నేను పొదిలిలో మా ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తున్నాను. సాంకేతికంగా ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది స్పష్టంగా తెలుసుకోవాలి.

మామూలు ఫోను కాల్, ఎస్సెమ్మెస్ టెలికాం కంపెనీ యంత్రాల గుండా వెళ్తాయి కాబట్టి ఉత్తర్వు ఉంటే వాటిని వినవచ్చు, చదవవచ్చు. వాట్సాప్, సిగ్నల్ వంటి వాటిలో సందేశం పంపేవారి ఫోనులోనే గుప్తలిపిగా మారి, అందుకునేవారి ఫోనులోనే విప్పుకుంటుంది. మధ్యలో కంపెనీకి కూడా చదవడం సాధ్యం కాదు. అయితే ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఏ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో పరికరానికి ఉండే నంబరు) నుంచి మాట్లాడారన్నది ఈ రక్షణ పరిధిలోకి రాదు. వాట్సాప్ బ్యాకప్ కూడా, దాని గుప్తీకరణను మనం విడిగా ఎంచుకుంటే తప్ప, అదే రక్షణలో ఉండదు. రైతు గారు అడిగిన మన మిత్ర సంగతి వేరు. అక్కడ అవతలి వైపు ఉన్నదే ప్రభుత్వ ఖాతా, మీరు రాసింది చేరవలసిన చోటికే చేరుతుంది. అక్కడ అడగవలసింది, ఆ వివరాలను ఎన్నాళ్ళు ఉంచుకుంటారు, మరి దేనితో కలుపుతారు అని. 2016లో ప్రజా సాధికార సర్వే ఇంటింటి వివరాలు రాసుకుంది, 2019 నుంచి వాలంటీర్లు మళ్ళీ రాసుకున్నారు. ప్రభుత్వాలు మారాయి, రాసుకున్నది మాత్రం మనం వెనక్కి తీసుకోలేదు.

ఇక చట్టం గుప్తలిపి మీదికే వస్తోంది. 2021 ఐటీ నియమాల్లో 4(2) నియమం ప్రకారం, 50 లక్షలకు పైగా వాడకందారులున్న సందేశ వేదిక, ఆదేశం అందితే ఫలానా సందేశాన్ని దేశంలో మొదట పంపింది ఎవరో చెప్పాలి. ఆ ఒక్కరిని చెప్పాలంటే అందరి సందేశాలకూ ముందే గుర్తు వేసి పెట్టుకోవాలి. వాట్సాప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. గుప్తీకరణను ఛేదించమంటే దేశం విడిచి వెళ్తామని 2024 ఏప్రిల్‌లో ఆ కోర్టులోనే చెప్పింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు, ఇంటర్నెట్‌లో మన చిరునామాను మరుగుపరిచే వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు 5 ఏళ్ళు దాచాలన్నాయి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ వంటివి ఇక్కడి సర్వర్లు తీసేసి వెళ్ళిపోయాయి. వీపీఎన్‌ను దొంగ పనికి వాడేవారు ఉన్నారు గాని, పత్రికా విలేకరికి వార్త అందించే చిరుద్యోగి కూడా దాన్నే వాడతాడు.

ఒంగోలు న్యాయవాది, ఒంగోలు

ఎవరు ఎవరితో మాట్లాడారన్నదే కదా, మాటలు కావు కదా అని తేలిగ్గా తీసుకునేవారి కోసం ఒక విషయం రాస్తాను. కోర్టు దస్త్రాల్లో కాల్ డేటా కాగితాలు మేము తరచూ చూస్తుంటాం. వరుసగా గడులు ఉంటాయి: చేసిన నంబరు, అందుకున్న నంబరు, తేదీ, సమయం, ఎన్ని సెకన్లు, ఫోను పరికరం సంఖ్య, కాల్ మొదలైనప్పటి టవరు, ముగిసినప్పటి టవరు. ఒక్క మాట కూడా ఉండదు. అయినా ఒక నెల కాగితాలు ముందు పెట్టుకుంటే ఆ మనిషి ఎక్కడ నిద్రపోతాడో తెలుస్తుంది, ఎందుకంటే రాత్రంతా ఒకే టవరు ఉంటుంది. ప్రతి మంగళవారం ఉదయం ఒక ఆసుపత్రి దగ్గరి టవరు కింద రెండు గంటలు ఉంటే జబ్బు తెలుస్తుంది. అర్ధరాత్రి ఒకే నంబరుకు వెళ్ళే పొడవైన కాల్స్ చూస్తే ఇంట్లోవాళ్ళకు తెలియని సంగతి తెలుస్తుంది. కేసుకు సంబంధం లేని పదుల మంది నంబర్లు కూడా ఆ కాగితాల్లోనే ఉంటాయి. ఇటువంటి వివరాలను రెండేళ్ళు దాచి ఉంచాలని 2021 డిసెంబరులో టెలికాం లైసెన్సు షరతులను మార్చారు, అంతకు ముందు ఒక్క ఏడాదే ఉండేది. దీనికి హోం కార్యదర్శి ఉత్తర్వు కూడా అక్కరలేదు, ఎస్పీ స్థాయి అధికారి కోరితే చాలు.

మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసును ఇక్కడ గుర్తు చేయాలి. స్టాంపు చట్టం 73వ సెక్షన్‌కు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, బ్యాంకులో ఖాతాదారులు ఉంచిన పత్రాలను కూడా అధికారం పొందిన ఎవరైనా వెళ్ళి తనిఖీ చేయడానికి వీలిచ్చింది. మన హైకోర్టు దాన్ని కొట్టివేసింది. కెనరా బ్యాంకు కేసుగా పేరుపడిన ఆ తీర్పును సుప్రీంకోర్టు 2004 నవంబరులో నిలబెట్టింది. గోప్యత మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని, పత్రాన్ని మరొకరి దగ్గర దాచినంత మాత్రాన అది పోదని ఆ తీర్పు సారాంశం. నా కాల్ డేటా టెలికాం కంపెనీ దగ్గర ఉన్నా నాకు హక్కు ఉంటుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం మరొకటి అక్కరలేదు.

చీమకుర్తి దరఖాస్తుదారు, చీమకుర్తి

సమాచార హక్కు దరఖాస్తులు వేసేవాణ్నిగా ఒక మాట. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మనల్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటున్నారు. కంపెనీలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, అది మంచిదే. అయితే 17(2) సెక్షన్ ప్రకారం దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు చట్టం మొత్తం వర్తించదు. ఫిర్యాదులు వినే బోర్డు సభ్యులను నియమించేదీ కేంద్రమే.

అదే చట్టం 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. ఇంతకు ముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే ఇవ్వవలసి వచ్చేది, పార్లమెంటుకు ఇవ్వగలిగింది పౌరుడికీ ఇవ్వాలన్న వాక్యం ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, తిరస్కరించవచ్చు. 8(2) కింద ప్రజా ప్రయోజనం వాదన ఇంకా మిగిలే ఉంది గాని, దాన్ని మొదటి మెట్టులోనే పట్టించుకునే అధికారి అరుదు. గ్రానైట్ క్వారీ లీజు ఎవరి పేరున ఉంది, ఎంత సీనరేజి (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి చెల్లించే రుసుము) కట్టారు అని మా ప్రాంతంలో అడిగినప్పుడు, అది వ్యక్తిగతం అనే జవాబు రావడానికి ఇక అడ్డేమీ లేదు. పౌరుడి బతుకు ప్రభుత్వానికి తెరిచిన పుస్తకం, ప్రభుత్వ దస్త్రం పౌరుడికి మూసిన తలుపు. గోప్యత పేరు మీదే ఇది జరగడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేస్తోంది.

కావలి విశ్రాంతుడు, కావలి

అందరి మాటలూ ఓపికగా చదివాను. న్యాయవాది గారు చేసిన విభజన సరైనదే, కేసుతో ముడిపడిన ఆధారాల సేకరణను రహస్య శ్రవణంతో కలపకూడదు. అయినా అత్యవసర పరిస్థితి అన్న నా మాటను వదులుకోను. కొత్త నియమాల్లో కూడా మారుమూల ప్రాంతాల్లో, ఆలస్యం వీలుకాని వేళల్లో రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని అధికారి ముందుగా ఆదేశించి, మూడు పనిదినాల్లో తెలియజేసి, ఏడు పనిదినాల్లో హోం కార్యదర్శి ధ్రువీకరణ పొందే ఏర్పాటు ఉంది. ఆ ధ్రువీకరణ కార్యదర్శికి బదులు న్యాయమూర్తి చేస్తే పోలీసులకు వచ్చే ఇబ్బంది ఏమీ లేదని నా అనుభవంతో చెప్పగలను. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టడానికి అలవాటు పడ్డ శాఖ ఇది.

సమీక్షా కమిటీ మీద నాకూ నమ్మకం తక్కువే. డేటా పరిరక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలోనే, రెండు నెలలకు ఒకసారి కూర్చునే ఆ కమిటీ ముందు ప్రతిసారీ 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు ఉంటాయని రాశారు. ముగ్గురు కార్యదర్శులు, వందల పనుల మధ్య, అన్ని ఫైళ్ళను చదవడం మనుషులకు సాధ్యం కాదు. పక్క రాష్ట్రం తెలంగాణలో 2024 నుంచి నడుస్తున్న ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే నిందితులుగా ఉన్నారు. ఆరోపణలు కోర్టులో తేలవలసి ఉంది గాని, ఖాకీ వేసుకున్నవాడిగా ఆ వార్త చదవడం నాకు కష్టంగా ఉంది. పక్కా చట్టం ఉంటే నిజాయతీగా పనిచేసే అధికారికే ముందు రక్షణ. పైనుంచి నోటిమాటగా వచ్చిన ఆదేశానికి, "జడ్జి గారి ఉత్తర్వు తెప్పించండి" అని చెప్పడానికి అతనికి ఒక ఆధారం దొరుకుతుంది.

పెన్నాతీరం, నెల్లూరు

ఈ మాట మీ నోట వినడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. బయటి దేశాల్లో ఇది కొత్త కాదు. బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం చేసినా, అత్యవసర వేళల్లో తప్ప, న్యాయ కమిషనర్ ఆమోదం లేకుండా వారంటు చెల్లదు. అమెరికాలో విదేశీ గూఢచర్య నిఘాకు 1978 నుంచి ప్రత్యేక కోర్టు ఉంది. దాని లోపాలు 2013లో అక్కడి నిఘా సంస్థకు పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో లోకానికి తెలిశాయి కాబట్టి, కోర్టు ఉంటే చాలదు, దాని తీర్పులు కొంతకాలానికైనా వెలుగులోకి రావాలి అని కూడా మనం నేర్చుకోవాలి. అందరి కాల్ వివరాలనూ దాచి ఉంచమన్న యూరప్ ఆదేశాన్ని అక్కడి న్యాయస్థానం 2014 ఏప్రిల్‌లో రద్దు చేసింది. మన పార్లమెంటు సభ్యులకు ఒక వినతిపత్రం పంపితే బాగుంటుందని నా ప్రతిపాదన. న్యాయవాది గారు ముసాయిదా రాస్తారా?

పొదిలి నెట్‌వర్క్, పొదిలి

వినతిపత్రం ఫలించేదాకా మనం చేసుకోగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. ఆధార్ యాప్‌లో వేలిముద్రల లాక్ వేసుకోండి, ఎక్కడెక్కడ ఆధార్ వాడారో ఆ చరిత్ర కూడా చూడండి. సిమ్ దుకాణంలో "వేలు పడలేదమ్మా, ఇంకోసారి పెట్టండి" అంటే ఎందుకు పడలేదో అడగండి, ఆ రెండో వేలిముద్రతో మీ పేరు మీద ఇంకో సిమ్ బయటికి వెళ్ళిన మోసాలు ఉన్నాయి. మీ పేరున ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. దాని యాప్‌ను ప్రతి కొత్త ఫోనులో ముందే వేయాలని 2025 నవంబరు చివరలో కంపెనీలను ఆదేశించి, జనం అభ్యంతరం చెప్పాక డిసెంబరు 3న ఆ నిర్బంధాన్ని వెనక్కి తీసుకున్నారు. గట్టిగా అడిగితే వింటారనడానికి ఇది చాలా దగ్గరి ఉదాహరణ కాబట్టి వినతిపత్రంలో దీన్ని ప్రస్తావించండి.

ఒంగోలు న్యాయవాది, ఒంగోలు

ముసాయిదా సారాంశం ఇది. టెలికమ్యూనికేషన్ల చట్టం 20(2) కింద గాని, ఐటీ చట్టం 69 కింద గాని ఇచ్చే ప్రతి ఉత్తర్వుకూ హైకోర్టు న్యాయమూర్తి ఆమోదం ఉండాలి. అత్యవసరమైతే ముందుగా ఆదేశించి 48 గంటల్లో ఆమోదం పొందాలి, పొందకపోతే విన్నదంతా చెరిపివేయాలి. నిఘా ముగిసిన ఏడాదిలోపు ఆ వ్యక్తికి తెలియజేయాలి, దర్యాప్తుకు నిజంగా హాని జరుగుతుందని న్యాయమూర్తి నమ్మితేనే ఆ గడువు పొడిగించాలి. ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారు, ఎన్నింటిని తిరస్కరించారు అన్న లెక్కను ప్రతి ఏటా పార్లమెంటు, శాసనసభల ముందు పెట్టాలి. లెక్క బయటపెడితే ఏ నేరస్తుడూ తప్పించుకోడు, ఎవరి పేరూ బయటికి రాదు. అభ్యంతరాలుంటే ఈ వారంలో రాయండి.

కావలి విశ్రాంతుడు, కావలి

ఒక చేర్పు కోరుతున్నాను. కాల్ డేటా, టవరు వివరాలను కూడా మొదటి అంశంలో చేర్చండి. కేసు నంబరు లేకుండా వాటిని తెప్పించకూడదని, తెప్పించిన అధికారి పేరు, కారణం రిజిస్టరులో రాయాలని, ఆ రిజిస్టరును జిల్లా న్యాయమూర్తి మూడు నెలలకు ఒకసారి తనిఖీ చేయాలని రాయండి. ఎత్తుకుపోయిన పిల్లల విషయంలో మాత్రం ముందు వివరాలు తీసుకుని, అదే రోజు కేసు నమోదు చేసే వెసులుబాటు ఉంచండి. ఈ రూపంలో అయితే నేను మొదటి సంతకం చేస్తాను.